రాతి చెక్కడాల వయసును లెక్కించడంలో గణాంక శాస్త్రం పాత్ర

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

బళ్లారి సమీపాన కుప్‌గల్ గుట్ట మీది నల్లని డోలరైట్ బండలపై మూపురాల ఎద్దుల బొమ్మలు వందలకొద్దీ ఉన్నాయి. రంగులో బొగ్గు వాడిన చిత్రమైతే కార్బన్‌ను బట్టి వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షకు కాస్త పదార్థం దొరుకుతుంది. చెక్కడమంటే రాయిలో కొంత తీసివేయడమే కాబట్టి, పరీక్షించడానికి అక్కడ మిగిలేది ఖాళీయే.

అందుకే 1992లో శిలాచిత్రాల పరిశోధకుడు రాబర్ట్ బెడ్నారిక్ సూక్ష్మ అరుగుదల పద్ధతిని ప్రతిపాదించారు. రాయిని కొట్టినప్పుడు పగిలిన స్ఫటికపు అంచు మొదట పదునుగా ఉండి, వానకూ గాలికీ క్రమంగా గుండ్రబడుతుంది. ఆ గుండ్రదనపు వెడల్పును సూక్ష్మదర్శినితో కొలిచి, తేదీ ముందే తెలిసిన శాసనమో కట్టడమో ఆధారంగా గీసిన క్రమాంకన రేఖతో పోల్చి, వయసు చెబుతారు.

నేను ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలవదలచాను. ఒకే బొమ్మపై 100 అంచులు కొలిస్తే, వాటి సగటులోని యాదృచ్ఛిక దోషం ఒక్క కొలతలో ఉండే దోషంలో పదో వంతుకు తగ్గుతుంది. కానీ క్రమాంకన రేఖలోని దోషం ఆ 100 కొలతలకూ ఉమ్మడిది. ఎన్ని అంచులు కొలిచినా అది తగ్గదు. రేఖలో తీసుకున్న అరుగుదల వేగం అసలు వేగంకన్నా ఐదో వంతు ఎక్కువైందనుకుందాం. అప్పుడు 6000 ఏళ్ల బొమ్మకు 5000 ఏళ్లే తేలుతాయి, దాని పక్కన ప్లస్ ఆర్ మైనస్ 100 అని ఎంత నమ్మకంగా రాసినా సరే. ఈ రెండు దోషాలనూ విడివిడిగా చూపని తేదీని ప్రచురించకూడదని నా గట్టి అభిప్రాయం.

దీని పర్యవసానం పోర్చుగల్‌లోని కోవా లోయలో కనిపించింది. ఆనకట్ట కింద మునగబోతున్న చెక్కడాలు పాతరాతియుగానివి కావని, చాలా తరువాతివని 1995లో నేరుగా రాతి ఉపరితలాన్ని పరీక్షించిన కొందరు ప్రకటించారు. అయినా ఆనకట్ట ఆగింది, 1998లో ఆ లోయ ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 1999లో అదే లోయలోని ఫరిసేవు వద్ద తవ్వినప్పుడు, పాతరాతియుగపు పొరలు కప్పేసిన చెక్కడాల బండ బయటపడింది. పైనున్న పొరకన్నా కింద పూడిన బొమ్మ పాతదే కావాలి కదా.

ఇలాంటి క్రమాన్నే బేసియన్ పద్ధతి, అంటే ముందే తెలిసిన సమాచారాన్ని కొలతలతో కలిపి సంభావ్యతలు లెక్కించే పద్ధతి, గణితంలోకి తెస్తుంది. ఒక బొమ్మపై మరో బొమ్మ చెక్కి ఉంటే పైది తరువాతిది. ఈ నియమాన్ని పాటించని తేదీల జంటలకు సంభావ్యత సున్నా అవుతుంది. ఫలితంగా విడివిడిగా విశాలంగా ఉన్న అంచనాలు కలిసి కొంత ఇరుకవుతాయి.

కుప్‌గల్ బొమ్మలకు ఆధారం ప్రధానంగా పరిసరాలదే. అక్కడి నవీన శిలాయుగపు ఆవాసాల్లో, గొడ్డళ్లు తయారుచేసిన చోట్లలో, పశువుల పేడ కాలి పోగుపడిన బూడిద దిబ్బల్లో దొరికిన పదార్థాలకు రేడియోకార్బన్ తేదీలున్నాయి. మన పాలమూరు ప్రాంతపు ఉట్నూరు బూడిద దిబ్బను పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లో తవ్వినప్పుడు పశువుల గిట్టల ముద్రలు కనబడ్డాయి. ఎద్దులను చెక్కినవారిది కూడా ఆ పశుపాలక సంస్కృతే అనడానికి ఇది బలమైన ఆసరా. అయితే ఇది సంస్కృతి కాలాన్ని చెప్పేదే తప్ప ఫలానా ఎద్దు బొమ్మ పుట్టిన సంవత్సరాన్ని కాదు.

కుప్‌గల్ గుట్టను రాతి క్వారీలు తొలిచేస్తూ వచ్చాయి. బొమ్మపై బొమ్మ ఉన్న బండ కంకరగా మారితే, ఏది ముందో ఏది వెనకో చెప్పే ఆ ఒక్క నియమం మన లెక్కలోంచి శాశ్వతంగా తొలగిపోతుంది. కాబట్టి తేదీల పరీక్షలకన్నా ముందు, ప్రతి బండపైనా బొమ్మలు ఒకదానిపై ఒకటి పడిన తీరును ఫొటోలతో, కొలతలతో నమోదు చేయడం మొదలుపెట్టాలని విద్యార్థులను కోరుతున్నాను.