ఉద్యోగం మానకుండా ఆస్టియోపతీ చదవచ్చా?

యాంకర్: నమస్తే అండి. లండన్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ పార్ట్‌టైమ్‌లో ఆస్టియోపతీ (కండరాలు, కీళ్లను చేతులతో పరీక్షించి చికిత్స చేసే పద్ధతి) చదువుతున్న మేడమ్, హైదరాబాద్ నుంచి ఎముకల డాక్టర్ గారు మనతో ఉన్నారు. మేడమ్, 12 ఏళ్లుగా నడుము నొప్పి పేషెంట్లను చూస్తున్నారు కదా, మళ్లీ ఈ చదువు దేనికి?

ఫిజియోథెరపిస్ట్: చేతుల కోసం అండి. క్లినిక్‌లో వ్యాయామాలు నేర్పేసరికే టైమ్ అయిపోయేది, వీపు మీద చెయ్యి వేసి ఏ కండరం బిగుసుకుంది, ఎక్కడ కదలిక తగ్గింది అని నిదానంగా చూడటం నాకు సరిగా రాదని లోపల తెలుస్తూనే ఉండేది. మొదటి టర్మ్‌లో తోటి విద్యార్థి వీపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకోమన్నారు. ఇంత దూరం వచ్చింది దీనికా అని కోపం వచ్చింది. ఆరు నెలలకు అదే చేతికి ఊపిరితో పక్కటెముకలు ఎక్కడ కదులుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో తెలియడం మొదలైంది.

డాక్టర్: అయితే ఒకే వీపును ఇద్దరు తడిమి చూస్తే చాలాసార్లు ఇద్దరిదీ ఒకే మాట కాదమ్మా. ఇక పుర్రె ఎముకలను తాకి జబ్బులు నయం చేస్తామనే క్రేనియల్ పద్ధతికైతే గట్టి ఆధారాలే లేవు.

ఫిజియోథెరపిస్ట్: నిజమే సార్, అది నేను చెయ్యను. నడుము నొప్పికి బ్రిటన్‌లో ఏ చికిత్స వాడాలో సూచించే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చేతి చికిత్సను వ్యాయామంతో కలిపి మాత్రమే వాడమన్నాయి. కాబట్టి నా పాత చదువు ఎక్కడికీ పోలేదు.

యాంకర్: పార్ట్‌టైమ్ అంటే తేలికగా అయిపోతుందని చాలామంది అనుకుంటారు...

ఫిజియోథెరపిస్ట్: అస్సలు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పిన లెక్క ప్రకారం కొత్తగా చేరేవాళ్లకు 4,200 గంటలు, అందులో కనీసం 1,000 గంటలు గురువుల పర్యవేక్షణలో పేషెంట్లతో గడపాలి. మనం ముందే చదివినదాన్ని బట్టి కొంత తగ్గుతుంది, అంతే.

డాక్టర్: పేరు సంగతి కూడా చెప్పాలి. ఆస్టియోపతీని మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ 1892లో కిర్క్స్‌విల్‌లో బడి పెట్టిన అమెరికాలో ఈ రోజు డి.ఓ. (ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ ఉన్నవాళ్లు) అంటే మందులు రాసే, ఆపరేషన్లు చేసే పూర్తి స్థాయి వైద్యులు. బ్రిటన్‌లో ఇది వేరే వృత్తి. 1993 చట్టం వల్ల జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ రిజిస్టర్‌లో లేనివాళ్లు ఆస్టియోపాత్ అని చెప్పుకోవడమే నేరం. ఇక్కడ మన దేశంలో రెండు వారాంతాల వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చి పేరు పక్కన ఆ అక్షరాలు పెట్టుకునే కుర్రాళ్లను చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే పేషెంటుకు ఆ తేడా తెలియదు.

యాంకర్: చేరాలనుకునే మనవాళ్లకు ఏం చెబుతారు?

ఫిజియోథెరపిస్ట్: ఫీజు కట్టకముందే ఆ కోర్సుకు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. నేను మొదట చేరినదానికి లేదు. రెండో నెలలో తెలిసింది, కట్టిన అడ్వాన్స్ వదులుకుని మళ్లీ మొదటి నుంచి అప్లై చేశాను.