సయాటికాకి మెకంజీ వ్యాయామం: నడుము రోల్‌తో పాటు వచ్చిన అసలు సరుకు

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ నడుము రోల్ కంపెనీవాళ్లు నాకు ఉచితంగా పంపించారు. కుర్చీలో నడుము ఒంపు దగ్గర పెట్టుకుంటే వెన్ను గూనిగా వంగిపోకుండా ఆపుతుంది. ఆ పని బాగానే చేస్తోంది. కానీ దీంతో వచ్చిన కార్డులో సయాటికాకి, అంటే నడుము దగ్గర నరం నొక్కుకుని పిరుదు మీదుగా కాలిలోకి దిగే నొప్పికి, మెకంజీ వ్యాయామం ఉంది చూడండి, నా ఉత్సాహమంతా దాని మీదే.

రాబిన్ మెకంజీ న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు. 1956లో వెల్లింగ్టన్‌లోని ఆయన క్లినిక్‌లో, తలవైపు ఎత్తి ఉన్న బల్ల మీద ఒక పేషెంట్ బోర్లా పడుకున్నాడు. నడుము వెనక్కి వంగిపోయింది. కాసేపటికి మెకంజీ వచ్చి కంగారుపడితే, తన కాలి నొప్పి పోయిందన్నాడట ఆ పేషెంట్. ఈ పద్ధతికి బీజం అక్కడే పడింది.

బోర్లా పడుకుని కాసేపు ఊరికే ఉండాలి. తర్వాత మోచేతుల మీద లేవాలి. అదీ ఓర్చుకోగలిగితే, అరచేతులు ఆనించి చేతుల బలంతోనే ఛాతీ లేపాలి. పదిసార్లు చాలు, కానీ రోజులో కొన్ని విడతలు చేయాలి. ఇది భుజంగాసనమే కదా అంటారు. ఆ ఆసనం నేను ఏళ్లుగా వేస్తున్నాను. అందులో వెన్ను కండరాలతో లేస్తాం. ఇక్కడ నడుము, పిరుదులు పూర్తిగా వదులుగా ఉండాలి.

ఇందులో నన్ను కట్టిపడేసింది ఒక్కటే: నొప్పి ఎంత ఉందని కాదు, ఎటు కదులుతోందని చూడమంటుంది. పిక్కలోది తొడకి, అక్కడినుంచి పిరుదుకి, చివరికి నడుముకి చేరిందంటే దారి సరైనదే. నడుములో కాస్త ఎక్కువైనా భయం లేదు. దీన్నే సెంట్రలైజేషన్ అంటారు. అదే నొప్పి పాదం వైపు దిగుతుంటే ఆపేయాలి. నాకు మడమదాకా లాగే నొప్పి పిరుదు దగ్గరే ఆగిపోయిన రోజున ఎంత ధైర్యం వచ్చిందో!

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, సయాటికా అనగానే అందరికీ ఒకటే సలహా: కాళ్లు చాపి బొటనవేళ్లు పట్టుకోండి! వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి నరం నొక్కుకున్నవాళ్లలో చాలామందికి ముందుకు వంగితేనే బాధ పెరుగుతుందండీ. అలాగని వంగే వ్యాయామాలు చెడ్డవని కాదు. అమెరికన్ డాక్టర్ పాల్ విలియమ్స్ 1937లోనే వాటిని ప్రచారంలోకి తెచ్చారు. వెన్నులో నరాల దారి ఇరుకై, నడిస్తే కాళ్లు లాగి, కూర్చుంటే తగ్గే పెద్దవాళ్లకి అవే హాయి. మా పెద్దమ్మకి మోకాళ్లు ఛాతీకి దగ్గరగా తెచ్చుకుంటేనే సుఖం. అందుకే మీకు ఏది పడుతుందో ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునేచోట మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా వ్యాయామాలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మెకంజీకి నా పూర్తి ఓటు. రోల్ మాత్రం కారులో గంటలు గడిపేవాళ్లు కొనుక్కోవచ్చు. ఇంట్లోకైతే తువ్వాలు గట్టిగా చుట్టి నడుము వెనక పెట్టుకోండి, ఆ డబ్బు ఫిజియోథెరపిస్టు ఫీజుకి పనికొస్తుంది.