ఇంజిన్ బాగుందనే మాట

(రోడ్డు భద్రతా మాసం సందర్భంగా మదనపల్లెలో పికప్ బండ్ల యజమానులు, డ్రైవర్లు కలిసిన సమావేశంలో మాట్లాడినది)

వేదిక మీదున్న పెద్దలకు, మా ఆయనకు శాలువా కప్పిన యూనియన్ అన్నలకు, ఇంత చలిలో పొద్దున్నే వచ్చి కూర్చున్న డ్రైవర్ అన్నలకు, తమ్ముళ్లకు, వెనక కుర్చీల్లో ఉన్న అక్కలకు, చెల్లెళ్లకు అందరికీ నమస్కారం.

ఇక్కడ నిలబడాల్సింది నేను కాదు. ఒకే బండిని పదకొండేళ్లు, ఆరు లక్షల కిలోమీటర్లు నడిపినందుకు ఈ సన్మానం ఆయనకు. ఆయన నలుగురిలో మాట్లాడడు. రాత్రి అన్నం తింటూ "నువ్వే చెప్పు, లెక్కలన్నీ నీ దగ్గరే కదా" అన్నాడు. లెక్కలు నా దగ్గరున్న మాట నిజమే. ఇవిగో, మూడు నోటుపుస్తకాలు తెచ్చాను. బండి కొన్న 2012 నుంచి పోసిన ప్రతి లీటరు డీజిలూ, మార్చిన ప్రతి బేరింగూ ఇందులో ఉంది.

పాత బండిని ఎలా కాపాడుకోవాలో పది నిమిషాలు చెప్పమన్నారు. అది మీ అందరికీ తెలుసు. ఆయిల్ టైముకు మార్చాలి, గ్రీజు కొట్టించాలి, కూలెంట్ బదులు బోరునీళ్లు పోయకూడదు, చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలు వంగిపోయేంత లోడు ఎక్కించకూడదు. మా ఆయన ఇవన్నీ చేశాడు. అందుకే ఆరు లక్షలు తిరిగింది. మధ్యలో రెండుసార్లు మీటరు కేబుల్ తెగింది కాబట్టి నిజంగా ఇంకొంచెం ఎక్కువే తిరిగి ఉంటుంది.

నేను చెప్పాలనుకున్నది వేరే. అలాంటి మంచి బండిని ఎప్పుడు వదలాలి? మేం ఆ పని ఆలస్యంగా చేశాం. ఆ ఆలస్యం గురించి చెప్పడానికే ఒప్పుకున్నాను.

ముందు ఒక సంగతి. కొత్త బండి కొనండి అని చెప్పడానికి నేను రాలేదు. మా మరిది 2020 జనవరిలో దాదాపు మొత్తం అప్పు మీదే కొత్త బండి తీశాడు. మార్చిలో లాక్‌డౌన్. కూరగాయల బండ్లను తిరగనిచ్చారు, నిజమే. కానీ హోటళ్లు లేవు, పెళ్లిళ్లు లేవు, సరుకు కొనేవాడు లేడు, బాడుగ ఎక్కడిది? ఆరు నెలలు కిస్తీ కట్టక్కర్లేదని రిజర్వ్ బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ ఆరు నెలల వడ్డీ అసలు మీద పడుతుందని మాకు తర్వాత గానీ అర్థం కాలేదు. ఏడాదిన్నర తిరిగేసరికి బండిని ఫైనాన్స్ వాళ్లు తీసుకుపోయారు. ఆ రోజు మా అత్త ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఏడ్చింది. అది చూసినవాళ్లం కాబట్టే అప్పులేని మా పాత బండి మాకు దేవుడిలా కనిపించింది. 2016లో దాని కిస్తీలు తీరిపోయాయి. రోజూ సంపాదించుకొస్తోంది. ఎందుకు వదులుతాం?

పైగా కొత్త బండ్లంటే భయం కూడా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అన్నీ పొగ తగ్గించే బీఎస్-6 బండ్లే. సెన్సర్లంటారు, పొగ గొట్టంలో ఫిల్టరంటారు, కొన్నింటికి పొగ శుభ్రం చేసే డెఫ్ అనే ద్రవం పోయాలంటారు. మా పాత బండి ములకలచెరువు దగ్గర ఆగితే పక్కనున్న షెడ్డు మేస్త్రీ స్పానర్లతో గంటలో లేపేవాడు. ఇప్పుడు లైటు వెలిగితే కంప్యూటర్ పెట్టే చోటికి తోలుకుపోవాలి. ఈ భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

అయితే, అన్నలారా, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. పోయిన సంవత్సరం మీ బండి మొత్తం ఎన్ని రోజులు షెడ్డులో ఉందో, ఎన్ని రోజులు రోడ్డు మీద ఆగిందో కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు చేతులెత్తండి.

నాలుగు చేతులు కనిపిస్తున్నాయి. ఇంతమందిలో నాలుగు.

రిపేరుకు ఎంతయిందో అడిగితే అందరూ చెప్తారు. క్లచ్ ప్లేటు ఎంత, టర్బో ఎంత, టింకరింగ్ ఎంత అన్నీ నోటికి వచ్చు. ఆగిన రోజులు మాత్రం ఎవరూ రాయరు. నేను రాశాను. మొదట్లో ఎందుకు రాశానంటే, ఆయన ఇంట్లో ఉన్న రోజు వంట ఎక్కువ చేయాలి కదా, అలా గుర్తు పెట్టుకునేదాన్ని. తర్వాత ఆ అంకెలే నన్ను భయపెట్టాయి. 2019లో ఐదు రోజులు. 2021లో పదమూడు. 2022 ఆగస్టు నుంచి 2023 జులై దాకా ఇరవై ఆరు.

ఇరవై ఆరు చూపించి "బండి మార్చాలేమో" అన్నాను. ఆయన "ఇంజిన్ బాగుంది" అన్నాడు. మేస్త్రీని అడిగాను. "ఇంజిన్ బంగారం వదినా, ఇంకో రెండు లక్షలు తిరుగుతుంది" అన్నాడు. ఆయన స్నేహితులూ అదే మాట. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. ఇంజిన్ నిజంగానే బాగుంది. ఆయిల్ తాగడం లేదు, నల్లపొగ లేదు, డిప్ స్టిక్ లాగితే ఆ రంధ్రంలోంచి పొగ కొట్టడం లేదు. బండి నడిపేది నేను కాదు కాబట్టి నాకేం తెలుసని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఎందుకంటే బండి అంటే ఇంజిన్ ఒక్కటే కాదని ఇంట్లో ఉండే నాకే ముందు తెలిసింది. ఎలాగో చెప్తాను. రాత్రి బండి తెచ్చి ఇంటి ముందు పెట్టేవాడు కదా, మెల్లగా పై సందులో పెట్టడం మొదలుపెట్టాడు. అక్కడ వాలు ఉంది. స్టార్టర్ మోటారు ఎప్పుడు పని చేస్తుందో తెలియక, పొద్దున దొర్లించి స్టార్ట్ చేయడానికి వాలు చూసి ఆపుతున్నాడు. ఇంకొకటి. చెన్నై బాడుగ వస్తే "రేపు చెప్తా" అనేవాడు. బెంగళూరైతే వెంటనే సరే. చెన్నై అంటే పుంగనూరు, పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగాలి. ఆ బండితో ఆ ఘాట్ దిగడం ఆయనకు ఇష్టం లేదు. నోటితో చెప్పలేదు, దారి మార్చుకున్నాడు. వాన పడితే వైరింగ్ షార్ట్ అవుతుందని వానాకాలం రాత్రి బాడుగలు మానేశాడు. అంటే బండి వెళ్లగలిగిన చోటికే మేం వెళ్తున్నాం. అది ఎప్పుడు మొదలైందో, మా నిర్ణయం ఆ రోజే జరిగిపోవాల్సింది.

దీనివల్ల ఏం జరిగిందో చివర్లో చెప్దామనుకున్నాను. ఇక ఆగలేను, ఇప్పుడే చెప్తాను.

2023 జులై ఆఖరు. మీకు గుర్తుండే ఉంటుంది, మన మార్కెట్లో టమాటా కిలో రెండు వందల దాకా పోయిన రోజులు. ఇరవై తొమ్మిదో తారీఖు, శనివారం. తెలిసిన రైతు వచ్చి చెన్నై కోయంబేడు మార్కెట్‌కు లోడు తీసుకుపొమ్మన్నాడు. వంద బాక్సులు, ఒక్కొక్కటి పదిహేను కిలోలు. ఆ సరుకు విలువ రెండు లక్షల పైమాటే. మా బండి అమ్మితే అంత రాదు. ఆ ధరకు బాడుగ కూడా బాగా ఇస్తానన్నాడు. కాదనలేక మా ఆయన ఒప్పుకున్నాడు. మర్నాడు ఆదివారం కదా, చెన్నై చూస్తానని మా చిన్నోడు కూడా క్యాబిన్‌లో ఎక్కాడు. వాడికి పదకొండేళ్లు. మా బండి వయసు.

మొగిలి ఘాట్ సగం దిగాక బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడిపోయింది. తర్వాత తెలిసింది, వాక్యూమ్ పంపు పోయింది. డీజిల్ బండికి ఆ పంపు లేకపోతే కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టరు పని చేయదు, కాలి బలం ఒక్కటే మిగులుతుంది. ముందు ఒక కంటెయినర్, వెనక ఇంకో లారీ. ఆయన గేరు తగ్గించి, మళ్లీ తగ్గించి, సీట్లోంచి లేచి రెండు కాళ్లతో పెడల్ మీద నిలబడి, హ్యాండ్ బ్రేక్ లాగుతూ దించాడు. చిన్నోడు "నాన్నా ఎందుకు లేచావు" అని అడిగాడట. "కాలు తిమ్మిరెక్కింది నాన్నా" అన్నాడట. కింద పక్కకు ఆపి, వాడికి తెలియకుండా బండి వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాడు. ఈ సంగతి ఆయన నాకు ఇరవై రోజుల తర్వాత చెప్పాడు. ఇంతమందిలో చెప్తున్నందుకు ఏమనుకోకయ్యా. నువ్వు చెప్పవు, నేను చెప్పాలి.

ఆ రోజుకు ఎఫ్‌సీ, అంటే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా చేయించాలి కదా, ఏప్రిల్‌లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు పెడితే పాసైంది. ఆ రోజు బ్రేకులు బాగానే పట్టాయి. ఎఫ్‌సీ ఆ రోజు సంగతి చెప్తుంది, జులై సంగతి చెప్పదు. 2024 సెప్టెంబరులో అదే ఘాట్‌లో ఆర్టీసీ బస్సూ లారీలూ ఢీకొని ప్రాణాలు పోయాయి. ఆ వార్త టీవీలో వస్తుంటే మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు లెక్క. ఆ ఏడాది రిపేర్లకు లక్షా ముప్పై ఎనిమిది వేలు అయింది. నెలకు పదకొండు వేల ఐదు వందలు. ఆగిన ఇరవై ఆరు రోజులు, రోజుకు పదిహేను వందలు మిగిలేదనుకుంటే ముప్పై తొమ్మిది వేలు. నెలకు మూడు వేల రెండు వందల యాభై. రెండూ కలిపి పద్నాలుగు వేల ఏడు వందల యాభై. కొత్త బండికి ఆరు లక్షలు అప్పు తీసుకుంటే నలభై ఎనిమిది నెలలు, నెలకు పదిహేను వేల ఐదు వందలు కిస్తీ. చూశారా, లెక్కలో పాత బండే ఏడు వందల యాభై రూపాయలు లాభం. కొత్తదాని ఇన్సూరెన్సు, సర్వీసు కలిపితే ఇంకా లాభం. ఇదే లెక్క చూపించి ఎవరైనా మిమ్మల్ని పాత బండితోనే ఉండమంటారు. లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్కలో మా చిన్నోడు లేడు. ఆ రైతు లేడు. బండి ఆగి మర్నాడు చేరితే, మార్కెట్ వేలంపాటలో ఆయనకు బాక్సుకు ఎన్ని వందలు పోయేవో లేదు. ధర పలికే రోజులు రైతుకు ఏడాదిలో ఎన్ని ఉంటాయి?

మరి అప్పు భయం? దానికి మాకు చీటీ సాయపడింది. 2018 నుంచి నెలకు ఐదు వేలు చీటీ కట్టాను. కిస్తీలు 2016లో తీరాయి కదా, ఆ రెండేళ్లు ఆ డబ్బు ఎటు పోయిందో తెలియలేదు. వెనకున్న అక్కలకు ప్రత్యేకంగా చెప్తున్నాను, కిస్తీ తీరిన మరుసటి నెల నుంచే అందులో సగమైనా పక్కన పెట్టండి. బండికి కిస్తీ తీరినా, మనకు తీరలేదనుకోండి. ఐదేళ్ల చీటీ మూడు లక్షలు, పాత బండి లక్షా యాభై ఐదు వేలు, అప్పు ఆరు లక్షలు. మా మరిదిలా మొత్తం అప్పు మీద అయితే నేను ఒప్పుకునేదాన్ని కాదు. బండి ఇంకో ఏడాది లాగాలంటే ఘాట్ బాడుగలు మానేసి, ఊళ్లో గడ్డి తోలుకుంటూ చీటీ పూర్తయ్యేదాకా ఆగమనేదాన్ని.

అమ్మడం గురించి కూడా చెప్పాలి. మొదట ఒకాయన లక్షా ఎనభై ఐదు వేలకు బేరం చేశాడు. మా ఆయన బ్రేకులన్నీ కొత్తవి వేయించి, బండి కిందికి తీసుకెళ్లి, వెనక కమాన్ కట్ట బ్రాకెట్ దగ్గర చాసిస్‌కు వేసిన వెల్డింగ్ చూపించాడు. కొనేవాయన ముప్పై వేలు తగ్గించాడు. తగ్గించుకోనీ అన్నాను. ఆయనకూ పిల్లలున్నారు. చుట్టుపక్కల పల్లెలకు పాల క్యాన్లు తోలుకోవడానికి కొన్నాడు, ఘాట్ దిగే పని లేదు. ఒక నోటుపుస్తకం నకలు కూడా రాసిచ్చాను.

అన్నలారా, అమ్మినప్పుడు పేరు మార్పు కాగితాలు, ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోకండి. పేరు మారేదాకా వెంటపడండి. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఎవరో నడిపిన బండికి మీరు కోర్టు మెట్లెక్కుతారు. పేరు మారాకే నేను ఆ రోజు నిద్రపోయాను.

కొత్త బండి వచ్చి ఈ జనవరికి ఏడాది. సెన్సర్ లైటు రెండుసార్లు వెలిగింది. ఒకసారి ఒక రోజు పోయింది. రాశాను. చెన్నై బాడుగ వస్తే ఆయన "రేపు చెప్తా" అనడం లేదు. బండి ఇంటి ముందే పెడుతున్నాడు.

పది నిమిషాలన్నారు, చాలా ఎక్కువ మాట్లాడాను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట. బయట మైదానంలో ముప్పై బండ్లకు పైగా నిలబెట్టి ఉన్నాయి. మా ఆయన టార్చిలైటు తెచ్చాడు. ఎనిమిదేళ్లు దాటిన బండి ఉన్నవాళ్లు భోజనాలకు ముందు ఒక్కసారి రండి. ఆయన మైకులో మాట్లాడడు గానీ బండి కింద పడుకుంటే బాగా మాట్లాడతాడు. చాసిస్‌లో చీలిక ఎక్కడ మొదలవుతుందో, బ్రేకు పైపు ఎక్కడ తుప్పు పడుతుందో చూపిస్తాడు. బూస్టర్ సంగతి కూడా అక్కడే చూడొచ్చు. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే ఈ సాయంత్రం లోడు ఎక్కించకండి.