కొత్త ఫోన్‌లో రేడియో వస్తదా?

శ్రోతలకు నమస్కారం. మీలో కొందరు ఈ మాటల్ని ఫోన్‌లోనే వింటూ ఉంటారు. డేటా ఖర్చు లేకుండా, ఇయర్‌ఫోన్ వైరు తగిలించి, ఎఫ్ఎం పెట్టుకుని. ఆ ఫోన్ పాతబడింది, మార్చాలి. ఏది కొనాలి? ఇవాళ ఆ సంగతి మాట్లాడుకుందాం.

అసలు మార్చాలా అన్నది ముందు తేల్చుకోండి. చార్జింగ్ నిలవట్లేదన్న ఒక్క కారణానికే ఫోన్ పక్కన పడేసేవాళ్లు చాలామంది. ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందల సార్లు చార్జింగ్ పెట్టాక నీరసపడుతుంది. అది సహజం. బ్యాటరీ ఒక్కటీ మార్పిస్తే ఇంకొన్నాళ్లు హాయిగా నడిచే ఫోన్లు బోలెడు. కానీ బ్యాంకు యాప్ తెరుచుకోనని మొరాయించినా, ఫోన్‌ను మోసగాళ్ల బారిన పడకుండా కాపాడేందుకు కంపెనీ పంపే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయినా బ్యాటరీ మార్చి లాభం లేదు.

మా మేనమామకు అదే జరిగింది. నల్లకుంటలో ఉంటారు. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడక, చెవుల్లో వైరు, వివిధ భారతి. వస్తూ వస్తూ కూరగాయలు. ఎడమ చేతిలో సంచి, కుడి చేతిలో ఫోన్, బొటనవేలితోనే డబ్బులు కొట్టేస్తారు. కవరు పసుపుపచ్చగా మారింది. అద్దం ఒక మూల చిట్లింది. ఆ చిట్లిన చోటు తగలకుండా వేలు కాస్త పక్కకు తిప్పి నొక్కడం ఆయనకు అలవాటైపోయింది. అంత ఇష్టం ఆ ఫోనంటే. తీరా ఒకరోజు పెన్షన్ చూసుకునే యాప్ కాస్తా తెరుచుకోవడం మానేసింది.

అబిడ్స్ తీసుకెళ్లాను. జగదీష్ మార్కెట్ సంగతి మీకు తెలిసిందే, అడుగు తీసి అడుగు వేసేలోపు పది మంది "ఏం కావాలన్నా?" అంటారు. ఒక షాపులో కుర్రాడు మంచి హుషారు మీదున్నాడు. "అంకుల్, 50 మెగాపిక్సెల్ కెమెరా, 8 జీబీ ర్యామ్, ఫైవ్ జీ" అంటూ డబ్బాలు వరసగా పరిచాడు. మామయ్య అంతా ఓపిగ్గా విన్నారు. విని, "రేడియో వస్తదా?" అన్నారు.

"నెట్‌లో అన్నీ వస్తాయి అంకుల్."

"నెట్‌ల కాదు తమ్మీ. రేడియో."

ఇంకో ఫోన్ తీశాడు. డిస్‌ప్లే గురించి చెప్పాడు. మామయ్య మళ్లీ, "బాగుంది. రేడియో వస్తదా?"

నవ్వుకోకండి. న్యాయమైన ప్రశ్నే. ఎఫ్ఎంకు నెట్ అక్కర్లేదు, సిగ్నల్ పట్టే ఏరియల్ కావాలి. ఫోన్‌లో మనం తగిలించే ఇయర్‌ఫోన్ వైరే ఆ ఏరియల్. 2016లో ఐఫోన్ 7లో ఇయర్‌ఫోన్ పెట్టే గుండ్రటి రంధ్రం తీసేశారు, తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. వైరు పోయింది, వైరుతో పాటు రేడియో కూడా పోయింది. కొన్ని ఫోన్లలో లోపల రేడియో ఉన్నా దాన్ని పనిచేయకుండా ఆపేస్తున్నారని, అలా ఆపొద్దని 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్ల తయారీదారుల సంఘాలకు సూచన కూడా పంపింది.

చివరికి ఒక మోడల్లో ఎఫ్ఎం యాప్ కనిపించింది. మామయ్య జేబులోంచి సొంత ఇయర్‌ఫోన్ తీశారు. రబ్బరు బ్యాండు విప్పి, వైరు చిక్కు తీసి, గుచ్చారు. షాపులో గరగర తప్ప ఏమీ లేదు. రోడ్డు మీదకు వెళ్లి చూస్తామంటే, డెమో పీస్ కదా, ఆ కుర్రాడూ మా వెంటే వచ్చాడు. వివిధ భారతి వచ్చే 102.8 పెట్టారు. ఒక్కసారి గరగరమని, పాట అందుకుంది. మామయ్య ఒక బడ్ తీసి కుర్రాడి చెవిలో పెట్టారు. వాడు స్క్రీన్ వంక చూసి, "అరే, డేటా ఆఫ్‌లో ఉంది కదా అంకుల్!" అన్నాడు.

ఆ ఫోన్ కెమెరా మిగతావాటికంటే కాస్త తక్కువే. అయినా అదే కొన్నాం. కెమెరా అంకె ఒక్కటే చూసి ఫోన్ కొనడమంటే, ఎత్తు ఒక్కటే చూసి పెళ్లికొడుకును ఖాయం చేసినట్టే అని నా అభిప్రాయం. పాత ఫోన్‌తో రోజూ మీరు చేసే పనులేవో కొత్తదానితో షాపులోనే చేసి చూడండి. ఒంటిచేత్తో పట్టుకోండి. బొటనవేలు పై మూల దాకా అందుతోందా? ఇప్పుడు వచ్చేవి చాలావరకు ఆరున్నర అంగుళాల పైమాటే.

ఇంకో మాట తప్పక అడగండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? గూగుల్ పిక్సెల్ 8కు, సామ్‌సంగ్ ఎస్ 24కు 7 ఏళ్లు ఇస్తామని ఆ కంపెనీలు ప్రకటించాయి. చవక ఫోన్లకు అంతకంటే బాగా తక్కువ. మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. డిస్కౌంట్‌లో పెట్టిన రెండేళ్ల కిందటి మోడల్‌కు ఆ రెండేళ్లూ అప్పటికే ఖర్చయిపోయినట్టు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది. పాత ఫోన్‌ను ఆ రోజే ఎక్స్చేంజ్‌కు ఇచ్చేయకండి. ఆ రోజే ఇచ్చేయకండి. "ఇప్పుడే ఇస్తే ఇంకో వెయ్యి తగ్గిస్తా" అంటారు, అయినా సరే. సిమ్ కొత్త ఫోన్‌లో వేశాక యూపీఐ మళ్లీ మొదటినుంచి రిజిస్టర్ చేసుకోవాలి. ఫోన్ మారాక మొదటి 24 గంటలు పంపగలిగే డబ్బుకు మామూలుగా పరిమితి ఉంటుంది కాబట్టి, ఇంటద్దె కట్టే రోజున ఫోన్ మార్చే పని పెట్టుకోకండి. వాట్సాప్ చాట్లు, ఫొటోలు అన్నీ వచ్చాయో లేదో నింపాదిగా చూసుకోండి. మెమరీ కార్డు ఉంటే తీసేయండి, చాలామంది సిమ్ తీసి దాన్ని మరిచిపోతారు. అన్నీ అయ్యాక, ముందు గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి, అంటే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేయండి. ఖాతా తీయకుండా ఇస్తే, కొనుక్కున్నాయనకు లాక్ అడ్డం పడుతుంది. పాస్‌వర్డ్ చెప్పమని మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తాడు. నమస్కారం.