తాతగారి ఇంటి బొమ్మ: ఇంట్లోవాళ్ల కోసం నీటిరంగుల చిత్రం వేయించాలనుకుంటే

(స్క్రీన్ మీద: అంచులు చిరిగిన నలుపు తెలుపు పెళ్లి ఫోటో. కెమెరా నెమ్మదిగా ఎడమ మూలకి వెళ్తుంది.)

ఈ ఫోటో 1978లో మా పెద్దత్త పెళ్లినాడు తీసింది. పదకొండు మంది వరసగా నిలబడ్డారు. వాళ్లని కాదు, వాళ్ల వెనక ఎడమవైపు చూడండి. ఒక అరుగు, ఒక స్తంభం, సగం తలుపు. అమలాపురం దగ్గర మా తాతగారి ఇంటికి మిగిలిన ఆనవాలు ఇంతే. పంపకాలయ్యాక ఆ ఇల్లు పడగొట్టారు. ఇప్పుడక్కడ డాబా ఉంది.

మా నాన్న షష్టిపూర్తికి ఆ ఇంటి బొమ్మని నీటిరంగుల్లో వేయించి ఇచ్చాం. మొదటిసారి కుదరలేదు, రెండోసారి కుదిరింది. ఆ రెండింటి మధ్య నేను నేర్చుకున్నదంతా ఈ వీడియోలో చెప్తాను. మీరు కూడా అమ్మకో, అమ్మమ్మకో, పెళ్లయి వెళ్తున్న చెల్లికో ఇలాంటిది ఇవ్వాలనుకుంటే పనికొస్తుంది.

(స్క్రీన్ మీద: రెండు బొమ్మలు పక్కపక్కన.)

మొదటిసారి నేను చేసిందల్లా ఈ ఫోటోని ఒక ఆర్టిస్టుకి వాట్సాప్‌లో పంపి, "ఈ ఇల్లు మొత్తం వేసివ్వండి" అనడం. బొమ్మ చక్కగా వచ్చింది. కానీ అది మా ఇల్లు కాదు. ఎర్ర పెంకులు, రెండు కొబ్బరి చెట్లు, ముందు ముగ్గు. కోనసీమలో ఏ ఇల్లయినా అయి ఉండొచ్చు. తప్పు ఆయనది కాదు. ఫోటోలో లేనిది ఆయనకి ఎలా తెలుస్తుంది? చెప్పాల్సింది నేను.

రెండోసారి ఆర్టిస్టుకి ఫోన్ చేయడానికి ముందు నెలరోజులు చుట్టాలకి ఫోన్లు చేశాను. ఇందులో అసలు పని ఇదే అని నా నమ్మకం.

ఊరికే "ఇల్లు ఎలా ఉండేది?" అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. "పెద్ద ఇల్లురా, చల్లగా ఉండేది" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. చిన్న చిన్న ప్రశ్నలు అడగాలి. పైన గూన పెంకులా, బంగళా పెంకులా? అరుగు ఎక్కడానికి ఎన్ని మెట్లు? నుయ్యి వీధివైపా, పెరటివైపా? తాతయ్య పడక కుర్చీ ఏ పక్కన వేసుకునేవారు? సాయంత్రం ఎండ ఎటునుంచి పడేది? ఈ చివరి ప్రశ్న మర్చిపోకండి. బొమ్మలో వెలుగు ఎటునుంచి రావాలో ఆర్టిస్టుకి చెప్పేది అదే.

మా పెద్దత్త దగ్గర దొరికినవి చూడండి. గుమ్మం పక్క గోడకి పాకిన కాగితపు పూల (బోగన్‌విల్లా) తీగ, అరుగు చివర అరిగిపోయిన సన్నికల్లు, వర్షాకాలంలో మండువాలో పెట్టే ఇత్తడి గంగాళం. ఇవేవీ ఫోటోలో లేవు.

ఒక చిక్కు కూడా వచ్చింది. తలుపు ఆకుపచ్చ అని అత్త, నీలం అని చిన్నాన్న. ఇద్దరూ పట్టు విడవలేదు. నేను ఆలోచించింది ఒకటే, ఈ బొమ్మ ఎవరి కోసం? నాన్న కోసం. గేటుకి రంగు వేయిస్తున్న రోజు మాటల్లో మాటగా, "ఊళ్లో మన తలుపుకి ఏ రంగు ఉండేది నాన్నా?" అన్నాను. "నీలం. అంతకుముందు ఆకుపచ్చ. తాతయ్య నా పదో తరగతి అప్పుడు మార్పించారు" అన్నారు. ఇద్దరి మాటా నిజమే. బొమ్మలో నీలం తలుపు పెట్టించి, రంగు పెచ్చులూడిన చోట కింద ఆకుపచ్చ కనిపించేలా వేయమని అడిగాను.

(స్క్రీన్ మీద: తడి కాగితం మీద రంగు పాకుతున్న దగ్గరి షాట్.)

నీటిరంగులే ఎందుకు? ఆయిల్ పెయింటింగ్ ఎందుకు కాదు? నీటిరంగు అంటే మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని కాగితానికి పట్టించే తుమ్మజిగురు లాంటి గమ్ అరబిక్, నీళ్లు. పొర పల్చగా ఉంటుంది. వెలుగు ఆ పొరలోంచి వెళ్లి, కింద తెల్ల కాగితాన్ని తాకి తిరిగి వస్తుంది. బొమ్మలో ఎండ పడిన చోట చాలాసార్లు రంగే ఉండదు, కాగితాన్ని అలా వదిలేస్తారు. పాత జ్ఞాపకానికి ఈ తేలికదనం బాగా నప్పుతుందని నాకు అనిపిస్తుంది.

దీనికి ఒక షరతు ఉంది. లేత రంగునుంచి ముదురు రంగుకి వెళ్లాలి, వెనక్కి రావడం కష్టం. ఆయిల్‌లో తప్పు వస్తే పైన ఇంకో పూత వేసి కప్పేయవచ్చు. ఇక్కడ పై పొరలోంచి కిందిది కనిపిస్తూనే ఉంటుంది. అందుకే మార్పులన్నీ పెన్సిల్ స్కెచ్ దగ్గరే చెప్పాలి. రంగు పడ్డాక "ఆ చెట్టు కాస్త అటు జరపండి" అంటే మళ్లీ కొత్త కాగితం తీయమని అడిగినట్టే. స్కెచ్ చూపించకుండా నేరుగా రంగులు వేస్తామనేవాళ్లకి నేనైతే ఇవ్వను.

"కాగితం మీద బొమ్మ ఎన్నాళ్లు ఉంటుంది?" అని మా అమ్మ అడిగింది. రాజమండ్రి వెళ్తే చిత్రకారుడు దామెర్ల రామారావు పేరు మీదున్న ఆర్ట్ గ్యాలరీ చూడండి. ఆయన 1897లో పుట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయారు. ఆయన నీటిరంగుల చిత్రాలు నూరేళ్లు దాటినా అక్కడున్నాయి. అయితే అలా ఉండాలంటే కాగితం, రంగు రెండూ మంచివై ఉండాలి.

కాగితం నూటికి నూరుపాళ్లు కాటన్‌దా, 300 జీఎస్ఎమ్‌దా, అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటిదా అని అడగండి. చెక్కగుజ్జుతో చేసిన మామూలు కాగితం కొన్నేళ్లకి పసుపెక్కుతుంది, పల్చటిదైతే తడికి ముడతలు పడుతుంది. రంగుల విషయంలో, వెలుతురుకి వెలిసిపోనివే వాడమనండి. మంచి కంపెనీల ట్యూబుల మీద లైట్‌ఫాస్ట్‌నెస్ గుర్తు ఉంటుంది. మా కాగితపు పూల దగ్గర ఈ ప్రశ్న వచ్చింది. ఆ మెరిసే గులాబీ కోసం చాలామంది ఒపేరా పింక్ వాడతారు. చూడ్డానికి కళ్లు తిప్పుకోలేం, కానీ త్వరగా వెలిసిపోయే రంగు అది. మా ఆర్టిస్టు దాన్ని పక్కన పెట్టి క్వినాక్రిడోన్ రోజ్ వాడారు. మెరుపు ఒక పిసరు తక్కువైనా, మా పిల్లలు పెద్దయ్యేదాకా ఆ పూలు ఉండాలి కదా.

(స్క్రీన్ మీద: ఎ4, ఎ3 కాగితాలు, వాటి మీద మనుషుల ఆకారాలు గీసిన గీతలు.)

మనుషులు కూడా ఉండాలంటే సైజు లెక్క చూసుకోండి. ఎ4 కాగితం అడ్డంగా పెడితే దాదాపు 30 సెంటీమీటర్ల వెడల్పు. ఎనిమిది మందిని వరసగా నిలబెడితే ఒక్కొక్కరికీ నాలుగు సెంటీమీటర్లు కూడా రావు, ముఖం చిటికెన వేలి గోరంత అవుతుంది. అందులో పోలికలు రావాలంటే ఎవరికైనా కష్టమే. మనుషుల్ని తగ్గించండి, లేదా ఎ3కి, ఇంకా పైకి వెళ్లండి.

మేము ఇంకో దారి ఎంచుకున్నాం. తాతయ్య ముఖం కనపడకుండా, పడక కుర్చీలో వెనకనుంచి. భుజం మీద తువ్వాలు, కుర్చీ చేతి మీంచి వేలాడే చెయ్యి. చూడగానే ఇంట్లో అందరూ పోల్చుకున్నారు. పోయినవాళ్లని బొమ్మలో పెట్టే ముందు దగ్గరివాళ్లని ఒక మాట అడగడం మంచిది. కొందరికి అది ఓదార్పు, కొందరికి ఇంకా పచ్చి గాయం.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. "అమ్మని కాస్త తెల్లగా వేయండి" అని దయచేసి అడక్కండి. చామనచాయ నీటిరంగుల్లో ఎంత అందంగా వస్తుందో మీరు చూడాలి. పొర మీద పొరగా గోధుమ, ఎరుపు, కొంచెం నీలం, చెంప మీద వదిలేసిన వెలుగు. మా నాన్నమ్మ రంగు మార్చేస్తే అది మా నాన్నమ్మ బొమ్మ కాదు.

(స్క్రీన్ మీద: కిటికీ పక్కన టేబుల్ మీద పాత ఫోటోని ఫోన్‌తో తీస్తున్న చేతులు.)

ఫోటోలు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. పాత ఫోటో అయితే 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో స్కాన్ చేయించండి. స్కానర్ లేకపోతే పటం అద్దం తీసి, ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుతురులో తీయండి. ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే మాత్రం లాగకండి, అలాగే తీయండి.

టైమ్ కనీసం రెండు నెలలు పెట్టుకోండి, టెన్షన్ ఉండదు. సాధారణంగా సగం అడ్వాన్స్, మిగతాది పూర్తయ్యాక. ఎన్ని మార్పులు చేస్తారో, పార్సిల్‌లో దెబ్బతింటే ఎవరి బాధ్యతో ముందే మెసేజ్‌లో రాయించుకోండి. చేత్తో వేసిందని చెప్పి, ఫోటోకి ఫిల్టర్ వేసి ప్రింట్ తీసి అమ్మేవాళ్లూ ఉన్నారు. మధ్యలో ఒకటి రెండు ఫోటోలు, చిన్న వీడియో అడిగితే నిజంగా వేసేవాళ్లు సంతోషంగా పంపుతారు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. మేము ఇంకో మూడు ప్రింట్లు తీయించి, అత్తకి, చిన్నాన్నకి, డాలస్‌లో ఉన్న అక్కకి ఇచ్చాం. హక్కు మనదైనా ఆర్టిస్టుకి ముందే చెప్పాం, సంతకం కనిపించేలా తీయించాం. అది మర్యాద. స్కాన్ మాత్రం పటం కట్టించక ముందే చేయించుకోండి.

(స్క్రీన్ మీద: ఫ్రేమ్ షాపులో మౌంట్ కత్తిరిస్తున్న దృశ్యం.)

పటం కట్టించేచోట మీరు పక్కనే ఉండండి. లామినేషన్ వద్దు. వెనకంతా గమ్ రాసి అట్టకి అంటించడం అసలే వద్దు. పైఅంచు దగ్గర రెండు చోట్ల ఆమ్లం లేని టేపుతో వేలాడదీస్తే చాలు. అద్దానికీ బొమ్మకీ మధ్య మౌంట్, అంటే బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట అంచు, ఉండి తీరాలి. మన కోస్తా ఉక్కలో కాగితం అద్దానికి తగిలితే తేమ పట్టి, బూజు మచ్చలొస్తాయి. ఎండ నేరుగా పడే గోడ, బాత్రూమ్ గోడ, వానకి చెమ్మగిల్లే బయటి గోడ వద్దు. పూజగది ఎదురుగా పెట్టాలని మా అమ్మకి ఉండింది. రోజూ అగరొత్తుల పొగ తగులుతుందని నచ్చజెప్పి హాల్లో పెట్టించాం.

(స్క్రీన్ మీద: పూర్తయిన బొమ్మ. నీలం తలుపు, పడక కుర్చీ, కాగితపు పూలు.)

షష్టిపూర్తి అయ్యాక, చుట్టాలంతా భోజనాలకి లేచాక ఇచ్చాం. నాన్న కాగితం విప్పి చాలాసేపు ఏమీ అనలేదు. తలుపు దగ్గర పెచ్చులూడిన చోట వేలు పెట్టారు. తర్వాత స్తంభం మీదికి తెచ్చి, "ఇక్కడో మేకు ఉండేది. మీ తాతయ్య పొలంనుంచి వచ్చి చొక్కా దీనికి తగిలించేవారు. నాకు అందేది కాదు. అందిన రోజు అమ్మకి చూపించడానికి పరిగెత్తాను" అన్నారు.

ఆ మేకు సంగతి అత్త చెప్పలేదు, చిన్నాన్నకీ గుర్తు లేదు. నేను ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కి, నాన్న పక్కన కూర్చున్నాను.