చుట్ట ముట్టనివారికీ పొగ ముప్పే

శ్రోతలకు నమస్కారం.

ఊపిరితిత్తుల్లో కేన్సర్ ఉందని చెప్పగానే మా దగ్గరికొచ్చే చాలా కుటుంబాలు అడిగే మొదటి మాట ఇది: “డాక్టరు గారూ, మా అమ్మ చుట్ట ముట్టలేదు, బీడీ ముట్టలేదు. ఆవిడకెలా వచ్చింది?” ఏ తప్పూ చేయని మనిషికి శిక్ష పడిందన్న బాధ ఆ గొంతులో వినిపిస్తుంది. ఈ రోజు ఆ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం.

జవాబులో కొంత భాగం మనం పీల్చే గాలిలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఒకటి ఫ్రాన్స్‌లో ఉంది. దేనివల్ల కేన్సర్ వస్తుందో సాక్ష్యాలన్నీ పరిశీలించి తేల్చడం దాని పని. ఆ సంస్థ 2012లో డీజిల్ పొగను, 2013లో బయటి గాలి కాలుష్యం మొత్తాన్నీ కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్నది ఆ వర్గంలోనే. అలాగని ముప్పు కూడా సమానమనుకోకండి. రుజువు అంత గట్టిగా ఉందని మాత్రమే దాని అర్థం. పొగతాగేవారికి ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు తాగనివారికంటే 15 నుంచి 30 రెట్లు ఎక్కువ. కాలుష్యం వల్ల ఒక్కో మనిషికి పెరిగే ముప్పు దానికంటే చాలా తక్కువ. అయితే చుట్ట కాల్చేది కొందరే. ఈ గాలి పసిపిల్లల దగ్గర్నుంచి అందరూ పీల్చక తప్పదు.

గాలిలో అసలు ప్రమాదం కంటికి కనపడని ధూళితో. పీఎం 2.5 అని వార్తల్లో వింటుంటారు. అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులో ఆగవు, గొంతులో ఆగవు. నేరుగా ఊపిరితిత్తుల చివర ఉండే గాలిగదుల దాకా పోతాయి. మూతికి చీర కొంగో తువ్వాలో అడ్డం పెట్టుకున్నా వీటిని పెద్దగా ఆపలేవు.

అక్కడికి చేరాక ఏం చేస్తాయన్నది ఈమధ్యే బాగా అర్థమైంది. లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థలో చార్లెస్ స్వాంటన్ అనే వైద్య శాస్త్రవేత్త బృందం చేసిన పరిశోధన 2023లో ప్రచురితమైంది. కేన్సర్ లేని ఊపిరితిత్తుల నుంచి తీసిన కణజాలాన్ని వాళ్ళు పరీక్షించారు. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో కేన్సర్‌కు దారితీసే మార్పు నూటికి 18 నమూనాల్లో అప్పటికే ఉంది. వయసు పెరిగేకొద్దీ ఇలాంటి మార్పులు ఎవరిలోనైనా వస్తాయి. చాలామందిలో అవి నివురుగప్పిన నిప్పులా అలా ఉండిపోతాయి. సన్నధూళి లోపలికి చేరితే అక్కడ వాపు పుడుతుంది. ఆ వాపు వల్ల విడుదలయ్యే రసాయనాలు ఆ కణాలను పెరిగేలా ఉసిగొల్పుతాయి. పొగాకు ముట్టని తల్లికి ఈ జబ్బు ఎలా వచ్చిందో ఇప్పుడు కొంతవరకైనా చెప్పగలుగుతున్నాం.

“ఇదంతా ఢిల్లీ గొడవ, మనకెందుకు” అని మీకు అనిపించవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి నాణ్యతలో జాతీయ ప్రమాణాలు అందుకోలేకపోతున్న ఊళ్ళ జాబితా ఒకటి అందులో ఉంది. మన ఆంధ్రప్రదేశ్ నుంచి ఎక్కిన 13 పట్టణాల్లో శ్రీకాకుళమూ ఉంది, విజయనగరమూ ఉంది. పైగా మనం పెట్టుకున్న ప్రమాణమే ఉదారమైనది. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 ఏడాది సగటున 40 మైక్రోగ్రాముల దాకా ఉండవచ్చని మన దేశం అంటుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 దాటకూడదంటోంది.

హైవే మీద లారీల పొగ, క్వారీల దుమ్ము, ఫ్యాక్టరీల చిమ్నీలు మీకు రోజూ కనిపించేవే. వాటి సంగతి అధికారులను గట్టిగా అడగాల్సిందే. నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మాత్రం మన పెరట్లో లేచే పొగ గురించి.

గ్యాస్ లేని ఇళ్ళు ఇప్పుడు తక్కువే. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 పథకం 2024 నవంబరు 1న మొదలైంది కూడా మన ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే. అయినా చాలా ఇళ్ళలో వేణ్ణీళ్ళకు పుల్లల పొయ్యే. సరుగుడు పుల్లలు, కొబ్బరి మట్టలు, మొక్కజొన్న కండెలు, ఆ పూటకు ఏది దొరికితే అది. వానాకాలంలో తడి పుల్లలు రాజుకోవు. అప్పుడు ఇల్లాలు పొయ్యి ముందు వంగి ఊదుతూనే ఉంటుంది, ఆ పొగంతా ఆవిడ ముఖానికే. చాలాసార్లు చంకలో పిల్లాడు కూడా ఉంటాడు. ఇళ్ళలో బొగ్గు కాల్చితే వచ్చే పొగ కేన్సర్ కారకమని రుజువైంది. కట్టెల పొగ కూడా బహుశా కారకమేనని మొదట్లో చెప్పిన ఆ అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థే చెప్పింది. గ్యాస్ పొదుపు చేయాలనుకునే ఇల్లాలిని నేను తప్పుపట్టను. ఆ పొయ్యిని కనీసం నాలుగు వైపులా గాలి ఆడే చోటుకి మార్చండి, పుల్లలు ఎండబెట్టి వాడండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. అది ఇంట్లో మగవాళ్ళు ఒక పూటలో చేసిపెట్టగల పని.

ఇక్కడ అడ్డపొగ మాట చెప్పకుండా ముందుకెళ్ళలేను. చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చే ఈ అలవాటు మన తీరంలో పెద్ద వయసు ఆడవాళ్ళలో ఇంకా ఉంది. శ్రీకాకుళం జిల్లా ఊళ్ళలో పదివేల మందికి పైగా జనాన్ని పరీక్షించి పరిశోధకులు 1971లోనే దీని గురించి రాశారు. ఆ వేడి, ఆ పొగ అంగిలిని కాల్చి కేన్సర్‌కు దారితీస్తాయి. మీ ఇంట్లో నాయనమ్మకో అమ్మమ్మకో ఈ అలవాటుంటే కసురుకోకండి. ఒకసారి నోరు తెరవమని టార్చి వేసి చూడండి. అంగిలి మీద తెల్లని మచ్చ కానీ, మానని పుండు కానీ కనిపిస్తే వెంటనే దంత వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇక చెత్త. వీధి మూల పోగుచేసి అగ్గిపుల్ల గీసేస్తే పని అయిపోయిందనుకుంటాం. అందులో పాల కవర్లుంటాయి, చెప్పులుంటాయి, వైర్లుంటాయి. ప్లాస్టిక్ కాలితే బెంజీన్, డయాక్సిన్లు వస్తాయి. బెంజీన్ కేన్సర్ కారకం, డయాక్సిన్లలోనూ కేన్సర్ కారకాలున్నాయి. భోగి మంటలో పిడకలు, కట్టెలు వేయడం పెద్దల నాటి ఆచారం. పాత టైర్లు వేయడం ఆచారం కాదు. చలికాలపు తెల్లవారుజామున పొగ పైకి పోదు, వీధిలోనే తిరుగుతుంది. ఈ భోగికి మీ వీధి కుర్రాళ్ళకు టైరు వేయొద్దని ముందే చెప్పండి, మీరు పెద్దవాళ్ళు, మీ మాట వింటారు.

చివరిగా దగ్గు సంగతి. రెండు వారాలు దాటినా తగ్గని దగ్గుంటే ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోండి, ఉచితంగా చేస్తారు. మన దగ్గర ఊపిరితిత్తుల కేన్సర్‌ను టీబీగా పొరబడి నెలల తరబడి మందులు వాడే సందర్భాలున్నాయి. ఎక్స్‌రేలో మచ్చ రెండింటిలోనూ కనిపిస్తుంది మరి. అందుకే టీబీ మందులు మొదలుపెట్టినవాళ్ళు కఫంలో టీబీ క్రిమి కనిపించిందా లేదా అని డాక్టరును అడగండి. కనిపించకుండానే మందులిస్తే, వాడుతున్నా దగ్గు తగ్గకపోతే, కఫంలో నెత్తురు పడినా, గొంతు బొంగురుపోయినా, ఒళ్ళు తగ్గిపోతున్నా సీటీ స్కాన్ అవసరమా అని అడగండి. అలా అడగడం వైద్యుణ్ణి అవమానించడం కాదు. కేన్సర్ అని తేలితే విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద కేన్సర్ చికిత్సలు ఉన్నాయి. ఇందాక చెప్పిన ఈజీఎఫ్ఆర్ మార్పు పొగతాగనివాళ్ళ కేన్సర్‌లో తరచుగా కనిపిస్తుంది. దానికి మాత్రలతో చేసే వైద్యం ఉంది. కాబట్టి ముక్క పరీక్షతో (బయాప్సీతో) పాటు ఆ జన్యు పరీక్ష కూడా చేయించమని మర్చిపోకుండా అడగండి.

నమస్కారం.