పిల్లి రాత్రంతా అరుస్తోందా? గోడ మీద చిమ్ముతోందా?

నమస్తే. మా పిల్లి మొదటిసారి రాత్రి రెండింటికి పసిబిడ్డ ఏడ్చినట్టు అరిచినప్పుడు, కడుపునొప్పేమోనని తెల్లారేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నొప్పి కాదు, అది ఎదకు వచ్చింది.

ఈ క్లిప్ చూడండి. ముందుకాళ్లు నేలకు ఆనించి, నడుం కిందికి వంచి, వెనుకభాగం పైకెత్తింది. తోక పక్కకు తిప్పేసింది. వెనుకకాళ్లతో ఉన్నచోటే తొక్కుతోంది, చూశారా? నడుం మీద చెయ్యి వేయగానే ఇలా నిలబడితే ఇక అనుమానం అక్కర్లేదు. కుక్కల్లోలా రక్తం కనిపించదు కాబట్టి చాలామంది పోల్చుకోలేరు.

ఇంకా కూనే కదా అనుకుంటాం గానీ, 4 నెలలకే మొదలవ్వచ్చు. దాదాపు వారం ఉంటుంది. జతకట్టకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ వస్తుంది. ఇంకో సంగతి: పిల్లుల్లో సాధారణంగా జతకట్టిన తర్వాతే అండాలు విడుదలవుతాయి. ఒక్కసారి బయటికి జారుకుంటే చాలు, సుమారు 9 వారాల్లో ఇంట్లో కూనలు. వాటిలో ఒక్కో కూనకు ఒక్కో తండ్రి కూడా ఉండొచ్చు!

ఇక గోడ మీద తడి. దీనికే పాపం పిల్లిని కొడతారు. కొట్టకండి, అది పగతో చేసే పని కాదు. మామూలుగా మూత్రం పోసేటప్పుడు పిల్లి కూర్చుంటుంది, నేల మీద మడుగు కడుతుంది. స్ప్రే చేసేటప్పుడు నిలబడి, గోడవైపు వెనక్కి తిరిగి, నిటారుగా లేపిన తోకను సన్నగా వణికిస్తూ కొంచెమే చిమ్ముతుంది. ‘ఇది నా చోటు’ అని మిగతా పిల్లులకు రాసిపెట్టిన చీటీ అది. గండుపిల్లులే కాదు, ఆడపిల్లులూ చేస్తాయి.

కానీ మగపిల్లి మాటిమాటికీ లిట్టర్ బాక్స్‌లో కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే అది స్ప్రే కాదు. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. అర్ధరాత్రైనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఎద అరుపులకూ, గోడ మీద స్ప్రేకూ అసలు దారి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. 5 నెలలు నిండేలోపే చేయించడం గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి. ఒక కాన్పు అయ్యాకే చేయించాలన్న మాట నమ్మకండి. మొదటి ఎదకు ముందే చేయిస్తే ఆడపిల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది. మగపిల్లిని మాత్రం ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు ఎదలో ఉన్న ఆడపిల్లికి దూరంగా ఉంచండి.

ఆపరేషన్ అయ్యాక కూడా చిమ్ముతుంటే కిటికీ బయటికి చూడండి. మా పిల్లి రోజూ సాయంత్రం ఒకే కర్టెన్ మీద చిమ్మేది. టెన్షన్ పడి ఇల్లంతా కడిగాను. చివరికి చూస్తే ప్రహరీ మీద ఇంకో పిల్లి కూర్చుని ఉంది! అద్దం కింది సగానికి కాగితం అంటించాను. మరకను ఎంజైమ్ క్లీనర్‌తో శుభ్రం చేశాను. అమ్మోనియా ఉన్నవి వాడొద్దు, ఆ వాసన పిల్లికి మూత్రాన్నే గుర్తుచేస్తుంది. కొన్నాళ్లకు చిమ్మడం ఆగింది. ఇప్పుడు అదే కిటికీ చెక్కకు బుగ్గలు రుద్దుకుంటోంది, ఇదిగో చూడండి. బుగ్గల దగ్గర కూడా వాసన గ్రంథులుంటాయి, ఇదీ దాని గుర్తే.